కాగితం మీద 200 గజాలు, నేల మీద 196: రెవెన్యూ మంత్రి గారికి ఒక విశాఖ వాసి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ, రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి.

స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువ కాలం రోలింగ్ మిల్లులోనే గడిచింది. కడ్డీ మందం ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయితే లైను ఆపి చూసుకునే చోటు అది. అలాంటి కొలతల మధ్య బతికిన నాకు సొంత స్థలంలో ఒక అడుగు ఎటు పోయిందో తెలుసుకోవడానికి ఐదు నెలలు పట్టింది. ఈ ఉత్తరం ఆ అడుగు గురించే.

మధురవాడ దాటాక కొండవాలులో ఒక పాత పంచాయతీ లేఅవుట్ ఉంది. ఆ ఊరు 2005లో మహా విశాఖలో కలిసింది, లేఅవుట్ అంతకు ముందుది. వాలు వెంట కిందికి దిగే వీధి, ఆ వీధికి ఒక పక్కన ఒకదాని కింద ఒకటిగా ఎనిమిది ప్లాట్లు. ఒక్కోటి వీధి వైపు 50 అడుగులు, లోపలికి 36 అడుగులు. మొత్తం 1800 చదరపు అడుగులు, అంటే 200 గజాలు. ఎనిమిదో ప్లాటు దాటితే గెడ్డ, అంటే కొండ మీది వాన నీరు పోయే వాగు. నాది పైనుంచి మూడోది. కొన్న రోజున అమ్మినాయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని నేల మీద ఆనించి టేపు లాగాం. సరిగ్గా 50 వచ్చింది. నాలుగు రాళ్లకూ పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఇంటికి వెళ్లిపోయాం.

మొన్న కార్తీకంలో ఇల్లు మొదలుపెట్టాను. వాలు బాగా ఉంది, ఈ చివరి నుంచి ఆ చివరికి పది అడుగుల పల్లం. జేసీబీతో పై భాగం కోసి, కింది భాగంలో మట్టి పోసి చదును చేయించాను. మూలల్లో రాళ్ల గుర్తులు పోకుండా జాగ్రత్త పడ్డాం. మేస్త్రి ముగ్గు పోసే ముందు పురికొస కట్టి, రెండు కర్ణాలూ కొలిచాడు. రెండూ సమానంగానే వచ్చాయి, అంటే మూలలు సరిగ్గానే ఉన్నాయి. కానీ 36కీ 50కీ కర్ణం 61 అడుగుల 7 అంగుళాలు రావాలి. అక్కడ 60 అడుగుల తొమ్మిదిన్నర అంగుళాల దగ్గరే ఆగిపోయింది.

"బాబుగారూ, పొడవు తగ్గిందండి. నలభై తొమ్మిదే ఉంది."

"టేపు సాగిపోయిందేమో చూడవయ్యా."

"ఎంత సాగినా అడుగు మింగేయదు కదండీ."

నిజమే. నా దగ్గరున్న స్టీలు టేపు తెచ్చి మళ్లీ కొలిచాను. అదే నలభై తొమ్మిది. ఇక నా కళ్లు ఎటు తిరిగాయో మీరు ఊహించగలరు. పై ప్లాటులో అప్పటికే ఇల్లు ఉంది. ఒక రిటైర్డ్ హైస్కూలు మాస్టారిది. ఏటా వేసవిలో వాళ్లింటి నుంచి మాకు ఆవకాయ జాడీ వస్తుంది.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ గోడ ఒక అడుగు ఇవతలికి వచ్చినట్టుందండి."

"నా గోడ నా రాయి మీదే ఉంది బాబూ. కావాలంటే నువ్వే కొలుచుకో."

మాట మాట పెరిగింది. నేను అనకూడని మాట ఒకటి అన్నాను, ఆయనా అన్నారు. మరుసటి వేసవిలో జాడీ రాలేదు.

ఇక ఆఫీసుల సంగతి. పేర్లు రాయను, ఎవరి మీదా ఫిర్యాదు చేయాలని కాదు ఈ ఉత్తరం. హద్దులు కొలిచి చూపించమని చలానా కట్టి, ఎఫ్‌-లైన్‌కు అర్జీ పెట్టాను. వచ్చిన సర్వేయర్ మంచి కుర్రాడు, మంచినీళ్లు తాగి నెమ్మదిగా చెప్పాడు: "సార్, మా పొలాల కొలతల పుస్తకమైన ఎఫ్‌ఎంబీలో సర్వే నంబరు, సబ్‌డివిజన్ వరకే ఉంటాయి. లోపల ప్లాట్లు మా బొమ్మలో లేవు. మొత్తం సర్వే నంబరు హద్దు చూపించగలను, మీ ప్లాటు చూపించలేను." ఇంటి ప్లాన్లు చూసే ఇంకో ఆఫీసుకు వెళ్తే, "దస్తావేజులో కొలతలు ఉన్నాయి కదా, వాటి ప్రకారమే ప్లాన్. హద్దు తగాదా అయితే సివిల్ కోర్టులో తేల్చుకోవాలి" అన్నారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. వాళ్ల వాళ్ల రూలు ప్రకారం ఇద్దరిదీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య నా పునాది గుంట ఐదు నెలలు వాన నీళ్లతో నిండి ఉంది. మా మనవడు అందులో కాగితం పడవలు వదిలాడు.

చివరికి డబ్బులిచ్చి ప్రైవేటు సర్వేయర్ని పిలిపించుకున్నాను. ఆయన స్టాండు మీద టోటల్ స్టేషన్ అనే కొలిచే యంత్రం పెట్టి, ఒక కుర్రాడి చేతికి ప్రిజం కర్ర ఇచ్చి, నా ప్లాటు ఒక్కటే కాదు, వీధి మొత్తం ఎనిమిది ప్లాట్లూ కొలిచాడు. సాయంత్రం మా ఇద్దరినీ, నన్నూ మాస్టార్నీ, పిలిచి ఒక పురికొస తీసుకున్నాడు. వాలు మీద నేలకు ఆనించి లాగాడు. తర్వాత కింది కొసను పైకెత్తి, తాడు బల్లపరుపుగా నిలిచేలా పట్టి, తూకం గుండు వదిలాడు. గుండు రాయి మీద పడలేదు, రాయిని దాటి ముందుకు పడింది.

"చూశారా సార్. మీరు కొన్నది వాలు మీద కొలిచిన యాభై. ప్లాన్‌లో ఉండేది బల్లపరుపు యాభై. యాభైకి పది అడుగులు పల్లం ఉంటే, బల్లపరుపున మిగిలేది నలభై తొమ్మిదే."

మాస్టారు లెక్కల మాస్టారే. కాసేపు వేళ్ల మీద ఏదో లెక్కేసుకుని, "పైథాగరస్" అని మాత్రం అన్నారు. నాకు తల తీసేసినట్టయింది. ఎవరూ దొంగిలించని అడుగు కోసం ఒక పెద్దమనిషిని దొంగను చేశాను.

అంతటితో అయిపోలేదండి. వాలు మీద టేపు లాగి రాళ్లు పాతినందువల్ల ఎనిమిది ప్లాట్లలో ఒక్కోదానికి అడుగు తగ్గింది. ఆ ఎనిమిది అడుగులూ కలిసి వరస చివర, గెడ్డ పక్కన, ఒక ముక్కగా మిగిలాయి. 8 అడుగుల వెడల్పు, 36 అడుగుల పొడవు, అంటే 32 గజాలు. అది ఎనిమిదో ప్లాటాయనది కాదు, గెడ్డదీ కాదు. మా ఎనిమిది మందిదీ. కానీ ఏ కాగితంలోనూ లేదు. మా ఊళ్లో గెడ్డ పక్కన ఎవరిదీ కాని నేల ఎంతకాలం ఖాళీగా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గెడ్డలు సన్నబడితే వానాకాలంలో ఏమవుతుందో విశాఖలో చిన్నపిల్లాడికీ తెలుసు.

ఇప్పుడు లెక్క చూడండి. 36 ఇంటూ 49, 1764 చదరపు అడుగులు. అంటే 196 గజాలు. నేను 200 గజాలకు డబ్బు ఇచ్చాను. 200 గజాలకు స్టాంపు డ్యూటీ కట్టాను. తర్వాత అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే ఎల్‌ఆర్‌ఎస్‌లోనూ 200 గజాల లెక్కనే కట్టాను. లేని నాలుగు గజాల మీద కూడా మీ శాఖకు ఆదాయం వచ్చింది మంత్రి గారూ, సరదాకి అంటున్నా అనుకోకండి. సవరణ దస్తావేజు రాయించుకోండి అంటారు. దానికి అమ్మినాయన సంతకం కావాలి. ఆయన పోయి ఏళ్లవుతోంది.

ఇది నా ఒక్కడి కథ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. మూలం పాత కొలతల్లోనే ఉంది. మన ఎఫ్‌ఎంబీలు పొలాల కోసం గీసినవి. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో గంటర్ అనే ఆయన చేసిన గొలుసు లెక్క మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనకు వచ్చింది. గొలుసు 66 అడుగులు, అందులో వంద లింకులు, లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం, అందులో వందో వంతు సెంటు, అంటే 48.4 గజాలు. వరిచేలో ఒక లింకు అటూ ఇటూ అయితే రైతు గట్టు మీద ఓ అడుగు ఎక్కువ వేసి ఊరుకుంటాడు. అదే లింకు 50 అడుగుల ఇంటి స్థలంలో తప్పితే 33 చదరపు అడుగులు, మూడున్నర గజాల పైమాటే. మధురవాడలో గజం ధర మీకు తెలియంది కాదు. పాత పట్టణంలో టౌన్ సర్వే నంబర్లు అయినా ఉన్నాయి. మాలాంటి శివారు ఊళ్లు నగరంలో కలిశాయి కానీ, వాటి కొలతలు ఇంకా పొలాల దగ్గరే ఉండిపోయాయి.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రాష్ట్ర భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు వచ్చాయి, సెంటీమీటర్లలో కొలతలు అన్నారు. రాళ్ల మీద ఎవరి బొమ్మ ఉండాలి, ఉండకూడదు అన్న రాజకీయం నాకొద్దు. పరికరాలు మన దగ్గర ఉన్నాయి, వాడటం తెలిసిన పిల్లలూ ఉన్నారు, అదొక్కటి గమనించాను. కానీ ఆ పని ఎక్కువగా ఊళ్లలో, పొలాల్లోనే సాగింది. పట్టణాల కోసం కేంద్రం 2025 ఫిబ్రవరి 18న నక్షా అనే భూ సర్వే కార్యక్రమం మొదలుపెట్టింది, దేశంలో 152 పట్టణాల్లో. తొలి విడతకు పెట్టుకున్న కొలబద్ద 35 చదరపు కిలోమీటర్ల లోపు విస్తీర్ణం, రెండు లక్షల లోపు జనాభా. మా విశాఖ ఆ కొలతకు ఎక్కడ సరిపోతుందండి?

ఇంటి ప్లాన్ల విషయంలో ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణ తెచ్చింది. లైసెన్సు ఉన్న టెక్నికల్ పర్సన్ సంతకం పెడితే చాలు అంటున్నారు. మంచిదే, తిరుగుడు తగ్గుతుంది. కానీ ఆ సంతకం ప్లాన్ స్థలానికి సరిపోయిందని చెబుతుంది. స్థలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే సంతకం ఏది? నా ప్లాన్‌నే తీసుకోండి. 50 అడుగుల లెక్కన అన్ని వైపులా ఖాళీలు చక్కగా చూపించారు. అలాగే కట్టి ఉంటే ఒక పక్క అడుగు తగ్గేది. రేపు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కు వెళ్లినప్పుడు అది నా అతిక్రమణ అని రాసేవారు. బ్యాంకు లోను మీద ఇల్లు కట్టేవాడికి ఆ టెన్షన్ ఎలా ఉంటుందో మీ దగ్గర పనిచేసే ఏ ఉద్యోగినైనా అడగండి.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. సర్వే మీ కిందే ఉంది, రిజిస్ట్రేషన్లూ మీ కిందే ఉన్నాయి. ఇంటి స్థలం అమ్మినా కొన్నా, పునాది తీసే ముందైనా, ఆ ప్లాటు నాలుగు మూలల కొలతలు, అక్షాంశ రేఖాంశాలతో సహా, ఒక కాగితం మీద ఉండాలి. బల్లపరుపు కొలత అని దాని మీద స్పష్టంగా రాయాలి. కొలిచే రోజున పక్క ప్లాట్ల వాళ్లకు నోటీసు వెళ్లాలి, వాళ్లు వచ్చి చూసి సంతకం పెట్టాలి, లేదా అభ్యంతరం రాయాలి. ఇదేమీ కొత్త సంగతి కాదు. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టంలో పొలాలకు నోటీసు ఉంది, అప్పీలు ఉంది, ఆ తర్వాత మూడేళ్లలోపు సివిల్ కోర్టుకు వెళ్లే దారీ ఉంది. వందేళ్ల కిందట పొలానికి ఇచ్చిన మర్యాద ఇవాళ ఇంటి స్థలానికి ఇవ్వమంటున్నాను.

సర్వేయర్లు చాలరు అంటారు, తెలుసు. మా వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శి ఉన్నారు, రెవెన్యూ కార్యదర్శి ఉన్నారు, సర్వేయర్ లేరు. పల్లె సచివాలయంలో ఉన్నారు. అలాంటప్పుడు లైసెన్సు సర్వేయర్లను వాడుకోండి. కర్ణాటకలో వ్యవసాయ భూమిని ముక్క చేసి అమ్మాలంటే ముందు ఆ ముక్క హద్దులు, కొలతలు చూపే 11ఈ స్కెచ్ ఉండాలి, లైసెన్సు సర్వేయర్లు గీస్తున్నారు. తెలంగాణ కూడా 2025లో లైసెన్సు సర్వేయర్లను తయారు చేసుకుంది. ఫీజు ఎంతో బోర్డు మీద రాసి పెట్టండి. తప్పు కొలిస్తే లైసెన్సు పోతుందని కూడా దాని కిందే రాయండి. నాకు కొలిచిన ఆయన పని బంగారంలా ఉంది, కానీ వెళ్తూ ఆయనే ఒక మాట అన్నాడు: "నా కాగితానికి మీ ఇద్దరూ ఒప్పుకున్నంత వరకే విలువ సార్."

మేమైతే ఒప్పుకున్నాం. మాస్టారింటికి నేనే వెళ్లి క్షమాపణ చెప్పాను. ఆయన టీ ఇప్పించి, కొండవాలు మీద పైథాగరస్‌ను పిల్లలకు చెప్పకపోవడం తన తప్పే అన్నారు. వచ్చే ఆదివారం ఎనిమిది ప్లాట్ల వాళ్లమూ మా గుంట దగ్గర కూర్చుంటున్నాం. గెడ్డ పక్కన మిగిలిన ఆ 32 గజాల్లో గోడ కట్టకుండా, గెడ్డకే వదిలేద్దామని నలుగురం ఇప్పటికే అనుకున్నాం. కొలత మా దగ్గర ఉంది. దాన్ని తీసుకుని, ఎనిమిది దస్తావేజులూ ఎనిమిది నేలలూ ఒకటేనని రాసి ముద్ర వేసే అధికారి ఏ ఆఫీసులో కూర్చుంటారో చెప్పండి. అందరం కలిసి వస్తాం.

ఇట్లు,
దస్తావేజులో 200, నేల మీద 196 గజాల యజమాని,
మధురవాడ, విశాఖపట్నం