పీఏ అంటే డాక్టరూ కాదు, కాంపౌండరూ కాదు

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో డాక్టర్లు కాకపోయినా రోగులను పరీక్షించి మందులు రాసే ఫిజీషియన్ అసిస్టెంట్లు (పీఏలు) ఇప్పుడు ఫిజీషియన్ అసోసియేట్లు అయిపోయారని కొందరు, అలాంటిదేమీ లేదని కొందరు రాస్తున్నారు. రెండూ సగం సగం నిజాలే. 2021 మే నెలలో కొత్త పేరును ఆమోదించింది వాళ్ల వృత్తి సంఘం. లైసెన్సు ఇచ్చేది మాత్రం రాష్ట్రం. రాష్ట్ర చట్టంలో పాత పేరే ఉండగా కోటు మీద కొత్త పేరు కుట్టించుకుంటే లైసెన్సు బోర్డు సంజాయిషీ అడగొచ్చు. చట్టం చేసి పేరు మార్చిన మొదటి రాష్ట్రం ఒరెగాన్, 2024లో. మరుసటి ఏడాది న్యూహాంప్‌షైర్ కూడా మార్చింది.

చట్టంలో పేరు మార్చడమంటే బోర్డు మీద అక్షరాలు చెరిపి రాసినంత తేలిక కాదు. మందుల చీటీలు, వైద్య ధ్రువపత్రాలు, బీమా చెల్లింపులు అంటూ ఆ పేరు ఎన్నో సెక్షన్లలో చెల్లాచెదురుగా ఉంటుంది. ఒక్కచోట మరిచిపోయినా 'మా నిబంధనల్లో ఈ పేరు లేదు' అని కాగితం వెనక్కి పంపే అవకాశముంది. అందుకే బిల్లులో మూడు మాటలు తప్పక ఉండాలి: పాత పేరు ఎక్కడున్నా కొత్త పేరుగానే చదువుకోవాలి, పాత లైసెన్సులు చెల్లుతాయి, పేరుతో పాటు అధికారాలేమీ పెరగవు. ఇంత చేసినా ఫెడరల్ మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) చట్టం రాష్ట్రం చేతిలో లేదు, అక్కడ అసిస్టెంటే. రెండు పేర్లకూ పొడి అక్షరాలు పీఏనే కావడం కొంత నయం.

రోగులు తికమక పడతారన్న డాక్టర్ల సంఘాల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. బ్రిటన్ ఎదురు దారిలో నడుస్తోంది: అక్కడ వాడుకలో ఉన్న అసోసియేట్‌ను తీసేసి అసిస్టెంట్ అనాలని 2025 జూలైలో ప్రభుత్వం వేయించిన సమీక్షే సూచించింది. ఇదే న్యూహాంప్‌షైర్‌లో 'ఎనస్తీషియాలజిస్ట్' (మత్తుమందిచ్చే డాక్టర్) అన్న మాట మత్తుమందిచ్చే నర్సులకు కుదరదన్న మెడికల్ బోర్డు నిర్ణయాన్ని 2021లో రాష్ట్ర సుప్రీంకోర్టు సమర్థించింది.

అయితే అసిస్టెంట్ అన్న మాటా సరిగ్గా అతకదు. వీళ్లు రోగిని పరీక్షిస్తారు, రోగ నిర్ధారణ చేస్తారు. యాభై రాష్ట్రాల్లోనూ మందులు రాస్తారు. డిగ్రీ తర్వాత రెండేళ్లకు పైబడిన కోర్సు, ఆపైన జాతీయ పరీక్ష, ఆ సర్టిఫికేషన్ నిలుపుకోవాలంటే రెండేళ్లకోసారి 100 గంటల నిరంతర విద్య.

మీ పత్రికకు మా మనవి ఒకటే. వార్త ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్ర చట్టంలోని పేరే వాడండి. అది తేలకపోతే పీఏ అని రాయండి. 'అసిస్టెంట్ డాక్టర్' అని మాత్రం రాయకండి. ఆ పేరుతో పీఏలకు లైసెన్సు ఏ రాష్ట్రమూ ఇవ్వదు.

ఇట్లు,
కొందరు పాఠకులు