కార్యాలయాల్లో మెట్లదారులు తెరిపించాలి

కూర్చుని చేసే ఉద్యోగాల్లో యువత బరువు పెరిగి, చిన్న వయసులోనే రక్తపోటు, మధుమేహాల ముప్పులో పడటాన్ని వ్యక్తిగత బద్ధకంగా కొట్టిపారేయకుండా, కార్యాలయాల ఏర్పాట్లలోని లోపంగా గుర్తించాలి. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో నేను చూసిన పలు బహుళ అంతస్తుల భవనాల్లో మెట్లదారి ఒక మూలన, వెలుతురు లేకుండా, విరిగిన కుర్చీలు, అట్టపెట్టెలతో నిండి ఉండటంతో, ఒక్క అంతస్తు ఎక్కాలన్నా లిఫ్టు కోసం నిలబడవలసి వస్తోంది. అగ్నిప్రమాదం జరిగితే ప్రాణాలు కాపాడవలసిన దారి కూడా అదే. సాయంత్రం క్యాంటీన్‌కు వెళితే సమోసా, మిర్చిబజ్జీ, చక్కెర దండిగా కలిపిన టీ తప్ప మరొకటి దొరకదు. వయోజనులకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజంతా కుర్చీలోనూ, రాకపోకల్లో ట్రాఫిక్‌లోనూ గడిపేవారికి అందులో కొంతైనా పనివేళల్లోనే దొరకాలి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఉద్యోగుల కోసం తెచ్చిన ఐదు నిమిషాల యోగా విరామాన్ని ప్రైవేటు సంస్థలూ అమలు చేసేలా కార్మిక శాఖ చొరవ తీసుకోవాలి. యాజమాన్యాలు మెట్లదారులను ఖాళీ చేయించి దీపాలు పెట్టించాలి, క్యాంటీన్లలో ఉడికించిన శనగలు, పండ్లు, మజ్జిగ అందుబాటులో ఉంచాలి.

– ఒక ఉద్యోగి, హైదరాబాద్