ఉద్దానం తోటకి ఒక్క గడి చాలదు

సంపాదకులకు నమస్కారం.

తొలకరికి ముందు మా ఊళ్ళలో సర్కారు మొక్కల కోసం రైతుల పేర్లు రాసుకుంటారు. నిరుడు నేనూ వెళ్ళాను. నాకున్నది ఎకరన్నర తోట, అందులో కొంత ఖాళీ. రెండు పనస అంటుమొక్కలు, నాలుగు ములగ, దొరికితే కాసిని మిరియం తీగలు, మిగతాది కొబ్బరి రాయమన్నాను. రాసే కుర్రాడు మంచివాడే, నవ్వాడు. "మాస్టారూ, పంట అని ఇక్కడ ఒకటే గడి ఉంది. కొబ్బరా, జీడా చెప్పండి" అన్నాడు. కొబ్బరి అన్నాను, ఇంకేం చేస్తాను! ఆ గడి గురించే ఈ ఉత్తరం.

ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మా పెద్దలు చెప్పేవారు. తాతల నాటి తోట చూసినవాళ్ళెవరూ దాన్ని కాదనరు. అన్నిటికన్నా పైన కొబ్బరి. దాని కింద పనస, మామిడి. ఇంకా కిందకొస్తే సీతాఫలం, కరివేపాకు. నీడలో కంద, పసుపు, అనాస. పనస మానుని చుట్టుకుని పెండలం తీగ. బావి గట్టున అరటి, దాని మొదట్లో చేమ. కంచెకి వాక్కాయ, కంచె మీద ఆకాకర. ఏటా దున్ని విత్తే పని లేదు. కంద తవ్వినప్పుడు ఒక ముక్క అదే గోతిలో పెట్టి మట్టి కప్పితే మళ్ళీ ఏడాదికి కూర. ఆకాకరకి అదీ అక్కర్లేదు, చినుకు పడగానే పాత దుంపే మొలుస్తుంది. కాకపోతే దానికి ఆడతీగ వేరు, మగతీగ వేరు. చిన్నప్పుడొకసారి కాయలు కాయడం లేదని మగతీగలన్నీ పీకేశాను. ఆ ఏడు ఇంట్లో ఆకాకర వేపుడు లేదు, మా అమ్మ చేత తిట్లు మాత్రం ఉన్నాయి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో నలభై రెండు కొబ్బరిచెట్లకి తొమ్మిది మిగిలాయి. తాత నాటిన పనస వేళ్ళతో సహా పడిపోయింది, అది లేచిన గోతిలో మోకాలి లోతు నీళ్ళు. కరెంటు లేదు, సరుకుల బండి రాలేదు. మూడో రోజున అమ్మ గునపం పట్టుకుని తోటలోకెళ్ళింది. విరిగిపోయిన కంద కాడ పక్కన తవ్వి, ఇంకా సరిగా ముదరని దుంప తీసింది. కూలిన పందిరి మీద బచ్చలి కోసుకొచ్చి, పులుసు పోసి కంద బచ్చలి వండింది. లేత దుంప కదా, గొంతు కాస్త దురద పెట్టింది కూడా. "సెట్టు పోనాది గానీ దుంప పోనేదురా" అంది. సంక్రాంతి దాకా పెండలం తవ్వుకున్నాం. అనాస పిలకలకైతే గాలి తగిలినట్టే లేదు.

నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు కొబ్బరి లెక్కపెట్టారు, జీడి లెక్కపెట్టారు. మిగతావి రాయడానికి చోటు లేదన్నారు. అక్కడా గడే! తర్వాత నాటుకున్నదీ ఆ లెక్క ప్రకారమే. ఇప్పుడు మా చుట్టుపక్కల చాలా తోటల్లో కొబ్బరికీ కొబ్బరికీ మధ్య ఇసుక తప్ప ఏమీ లేదు. దేశవాళీ కొబ్బరి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఈలోగా రైతు ఏం తింటాడు, ఏం అమ్ముకుంటాడు? అరటి ఏడాదికి గెల వేస్తుంది, కంద ఎనిమిది తొమ్మిది నెలలకి తవ్వకానికి వస్తుంది, ములగ ఏడాదిలోపే కాస్తుంది, అనాస ఏడాదిన్నరకి చేతికొస్తుంది.

చోటు లేదనడానికీ లేదు. కొబ్బరి వేర్లలో పనిచేసేవి చాలావరకు మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. ఏడున్నర మీటర్ల ఎడంలో నాటిన తోటలో లెక్క వేసి చూడండి, చెట్టు వాడుకునేది దాని వాటా నేలలో నాలుగో వంతు కూడా కాదు. కోనసీమ రైతు ఆ ఖాళీలో కోకో వేస్తున్నాడు. మా ఇసుక నేలకీ, ఈదురుగాలికీ అదే తెచ్చి పెట్టమని నేననను. మొన్నటిదాకా మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండి, 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యంలో కలిసిన సీతంపేట కొండలకి వెళ్తే చాలు, చెట్ల నీడలో అనాస, పసుపు పండించడం అక్కడి సవర గిరిజనులే చూపిస్తారు. ఇంగ్లండులో రాబర్ట్ హార్ట్ అనే ఆయన పన్నెండు సెంట్ల పళ్ళతోటని ఏడు అంతస్తుల అడవిలా పెంచి పేరు తెచ్చుకున్నాడు. ఆయనకి స్ఫూర్తినిచ్చిన వాటిలో కేరళ పెరటితోటలూ ఉన్నాయి. ఆ మాట చదివినప్పుడు మా అమ్మకి చెప్పాను. "పన్నెండు సెంట్లేనా?" అని అడిగింది.

దీనికి అడ్డు చెప్పేవాళ్ళున్నారు, వాళ్ళ మాటలోనూ నిజముంది. మొదటిది ఎలుగుబంటి. తుప్పలు పెరిగితే ఎలుగు దూరుతుందంటారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఎలుగు దాడిలో మనిషి ప్రాణమే పోయింది, ఆ భయాన్ని కొట్టిపారేయలేం. పనస పండు వాసనకి, జీడిపండుకి అది వస్తుంది. అందుకే దట్టంగా పెట్టేది ఇంటికి దగ్గర్లో పెట్టాలి, నడవడానికి బాట వదలాలి, పండిన పనసని చెట్టు మీద ఉంచకూడదు. పిచ్చితుప్పకీ తోటకీ తేడా అదే. రెండోది జీడి. ముదిరిన జీడి కింద ఏదీ సరిగా ఎదగదు, ఒప్పుకుంటాను. కానీ పిక్కలు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని గట్ల మీద కూడా గడ్డిమందు కొడుతున్నారే, దానికేమంటారు? మా గట్టు మీద ఆకాకర అలాగే పోయింది. ఇంకొక మాట. మా ఊళ్ళలో కిడ్నీ జబ్బున్నవాళ్ళు చాలామంది. పనస, దుంపకూరలు, కొబ్బరినీళ్ళు వాళ్ళకి పొటాషియం పెంచుతాయని డాక్టర్లు పత్యం పెడతారు. తోటలో పండిందల్లా ఇంట్లో అందరికీ పెట్టవచ్చని నేను చెప్పను.

ఇక అడిగేది. కలిపి నాటే తోటలని ప్రోత్సహించాలని కేంద్రం 2014లోనే వ్యవసాయ అటవీ విధానం తెచ్చింది. మన రాష్ట్రపు ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. అంత పేరున్నచోట దరఖాస్తులో ఇంకో నాలుగు గళ్ళు గీయడం కష్టమా? కొబ్బరితో పాటు పనస, ములగ, మిరియం, అనాస, కంద కలిపి ఒక రైతుకి ఒక కట్టగా ఇవ్వండి. పనస అంట్లు ఎక్కడివో కాకుండా తుపానుకి నిలబడిన మా చెట్ల నుంచే కట్టించండి. తొనల రుచి చూసి ఏ చెట్టు మంచిదో చెప్పే ముసలివాళ్ళు ఊరికి ఇద్దరు ముగ్గురైనా ఇంకా ఉన్నారు. తుపాను నష్టం రాసేటప్పుడు నేలలో ఉన్నదీ రాయండి.

కంద విత్తనానికి డబ్బు లేదంటే ఆ బాధ్యత నాది. మార్గశిరంలో తవ్వుతాం, గోనెడు ఊరికే ఇస్తాను. బండి మాత్రం వాళ్ళే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఓ పాఠకుడు, రిటైర్డ్ మాస్టారు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా