ద్వీపం మీద మనకు దొరికేది అయిదు గంటలే: లక్షద్వీప యాత్రకు కొత్త ప్రణాళిక

కడపలోని మా చిన్న యాత్రా సంస్థను నమ్మి వచ్చే జనవరి లక్షద్వీప యాత్రకు అడ్వాన్సు కట్టిన వారికీ, గత జనవరిలో మాతో వచ్చిన 32 మందికీ నమస్కారాలు. కొచ్చిలో ఓడ ఎక్కి, కవరత్తి, కల్పేని, మినికాయ్ ద్వీపాలను ఒక్కొక్కటి ఒక్కొక్క పగటిపూట చూసి, రాత్రిళ్లు ఓడలోనే నిద్రించి, అయిదో రోజున తిరిగి కొచ్చి చేరే ‘సముద్రం’ యాత్రలో, ఒడ్డున దిగాక మనం చేయవలసిన పనుల జాబితాను ఈసారి పూర్తిగా మారుస్తున్నాను. పాత జాబితా చూసి డబ్బు కట్టిన వారు ఉన్నారు కాబట్టి, ఏమి తీసివేస్తున్నానో, ఎందుకు తీసివేస్తున్నానో చెప్పవలసిన బాధ్యత నాది.

గత యాత్ర కరపత్రంలో ఒక్క కవరత్తి కిందనే ఆరు కార్యక్రమాలు అచ్చు వేయించాను. స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకొని నీటి మీద తేలుతూ అడుగును చూడడం), గాజు అడుగు పడవలో షికారు, కయాకింగ్ (తెడ్డుతో సన్నని చిన్న పడవ నడపడం), చేపల ప్రదర్శనశాల, ఉజ్రా మసీదు, ఊరి బజారు. ఓడ ఉదయం వచ్చి సాయంత్రం బయలుదేరుతుంది కాబట్టి పది గంటలు ఉంటాయని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పు. ఈ ద్వీపాల చుట్టూ పగడపు దిబ్బలు గోడలాగా ఉంటాయి, వాటి లోపలి నీరు లోతు తక్కువ, అందువల్ల పెద్ద ఓడ దిబ్బకు వెలుపలే లంగరు వేసి నిలుస్తుంది. అక్కడి నుంచి చిన్న పడవలలో విడతలు విడతలుగా ఒడ్డుకు చేరాలి. ఆ రోజు ఓడ ఏడున్నరకు ఆగింది, మన బృందంలోని చివరి కుటుంబం జెట్టీ మీద కాలు పెట్టేసరికి దాదాపు పది గంటలయింది. సాయంత్రం నాలుగుకల్లా తిరుగు పడవల కోసం వరుసలో నిలబడాలి. భోజనానికి గంట తీసివేస్తే చేతిలో మిగిలింది అయిదు గంటలు. స్నార్కెలింగ్ ఒక్కదానికే ముఖానికి సరిపోయే మాస్కు ఎంచుకోవడం, శిక్షకుడు చెప్పేది వినడం, వంతు కోసం ఆగడం, తరువాత తడి బట్టలు మార్చుకోవడం అన్నీ కలిపి రెండు గంటలు దాటింది.

ఫలితంగా ఏ పనీ తృప్తిగా జరగలేదు. నీటిలో దిగినవారిని నేను పదే పదే తొందరపెట్టాను. నీటిలో దిగని పెద్దవారు తొమ్మిది మంది, వారిలో ఎక్కువమంది ఆడవారు, కొబ్బరి చెట్ల కింద ప్లాస్టిక్ కుర్చీలలో రెండున్నర గంటలు కూర్చున్నారు. వారి వెంట మా మనిషి ఒక్కరూ లేరు. చేపల ప్రదర్శనశాల దాకా చేరుకున్నది సగం మందే. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇంత దూరం వచ్చి సముద్రాన్ని కాక నా చేతి గడియారాన్నే చూశామని ఆ రాత్రి ఓడలో నాతో నేరుగా అన్నారు. ఆయన చెప్పింది నిజమే, ఈ మార్పులన్నిటికీ మూలం ఆ మాటే.

కొత్త పద్ధతి ఇది. ఒక్కొక్క ద్వీపంలో ఒక ప్రధాన కార్యక్రమం ఉంటుంది. దానిలో పాల్గొనని వారికి అదే సమయంలో, మరొక సహాయకుని వెంట, నీడలో సాగే వేరొక కార్యక్రమం ఉంటుంది. మిగిలిన సమయాన్ని దేనితోనూ నింపను. బృందంలో 18 మందికి మించి తీసుకోను. దీనివల్ల తలసరి ఖర్చు పెరుగుతుంది, కానీ ఇప్పటికే అడ్వాన్సు కట్టిన వారి వద్ద ఆ పెరిగిన మొత్తాన్ని అడగను.

నీటి క్రీడల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ప్రాంతం వారికి సముద్రంతో పరిచయం తక్కువ. మనలో చాలామంది వీపుకు బెండు కట్టుకొని బావిలో ఈత నేర్చుకున్నవారమే, ఆ ధైర్యంతోనే గత యాత్రలో ఇద్దరు యువకులు కల్పేనిలో లైఫ్ జాకెట్ విప్పి ముందుకు ఈదారు. బావి నీరు కదలదు. దిబ్బ లోపలి సముద్రపు నీరు పైకి బావిలాగే నిశ్చలంగా కనిపిస్తుంది, కాని ఆటుపోట్లకు అది నిరంతరం లోపలికీ బయటికీ నడుస్తూ ఉంటుంది. వారు వెళ్లింది ఆటు వేళ. నీరు మోకాలి లోతుకు తగ్గి, పగడాలు దాదాపు పైకి తేలి ఉన్నాయి. ఇద్దరి మోకాళ్లూ, అరచేతులూ కోసుకుపోయాయి. పగడం గీరిన గాయం తొందరగా మానదు, ఒకరికి ఇల్లు చేరిన తరువాత కూడా చీము పట్టింది. అసలు తప్పు వారిది కాదు, ఆటుపోట్ల పట్టిక చూడకుండా స్నార్కెలింగ్‌కు పదకొండు గంటలని కరపత్రంలో అచ్చు వేయించిన నాది. పోటు వేళ రోజురోజుకూ దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది కాబట్టి, నెలల ముందు రాసిన గడియారపు సమయానికి అర్థం లేదు. ఇకపై నీటిలో దిగే వేళను ముందు రోజు రాత్రి ఓడలోనే, స్థానిక శిక్షకులను అడిగి, ఆ రోజు పట్టికను చూసి నిర్ణయిస్తాము. లైఫ్ జాకెట్ విప్పిన వారిని వెంటనే ఒడ్డుకు తీసుకువస్తాము. వారు ఎంత మంచి ఈతగాళ్లైనా ఇందులో మినహాయింపు లేదు.

స్కూబా డైవింగ్, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకొని నీటి లోపలికి దిగడం, కవరత్తిలో మాత్రమే, అది కూడా ఆరుగురికే ఏర్పాటు చేస్తున్నాను. దీనికి ఆరోగ్య ప్రశ్నల పత్రం నింపాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవికి శస్త్రచికిత్స, అదుపులో లేని రక్తపోటు, గర్భం వంటివి ఉంటే డైవింగ్‌కు అనుమతించరు, లేదా వైద్యుని లేఖ అడుగుతారు. ఆ పత్రాన్ని గతంలో ద్వీపంలో దిగిన తరువాతే మీ చేతికి ఇచ్చాను. డబ్బు కట్టి, ఆశతో వచ్చిన ఏడుగురు ఆఖరి నిమిషంలో వెనుదిరిగారు. వారి డబ్బు తిరిగి ఇస్తున్నాను. నలుగురికి అందింది, మిగిలిన ముగ్గురికి ఈ నెలలోనే అందుతుంది. ఈసారి పత్రం నెల ముందే కడపలో ఇస్తాను, మీ వైద్యునికి చూపించుకోండి. పదేళ్లలోపు పిల్లలకు స్కూబా లేదు. జలుబు ఉన్నవారు ఆ రోజు దిగకపోవడమే మంచిది, చెవిలో ఒత్తిడి సర్దుకోక నొప్పి తీవ్రంగా వస్తుంది. కొచ్చి నుంచి విమానంలో తిరిగి వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఒకసారి డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, అంతకు మించి చేస్తే 18 గంటలు గడిచిన తరువాతే విమానం ఎక్కాలి.

పగడాల గురించి కూడా నిజం చెప్పాలి. పాత కరపత్రంలో ఎరుపు, ఊదా రంగుల పగడాల ఫోటోలు వేశాను. అవి నేను తీసినవి కావు, ఆ ద్వీపాలవో కావో కూడా నేను విచారించలేదు. సముద్రపు నీరు మితిమీరి వేడెక్కినప్పుడు పగడపు జీవి తన ఒంట్లో ఉండి ఆహారం తయారు చేసి ఇచ్చే సూక్ష్మమైన నాచును బయటికి నెట్టివేసి, తెల్లగా పాలిపోతుంది. వేడి తగ్గకపోతే చచ్చిపోతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016 సంవత్సరాలలోనూ, మళ్లీ 2024లోనూ ఇది పెద్ద ఎత్తున జరిగింది. అందువల్ల కొన్ని చోట్ల మీకు కనిపించేది బూడిద రంగు దిబ్బ. అయినా చిలుక చేపలు, సముద్రపు తాబేళ్లు, నీలి పెదవుల ఆల్చిప్పల వంటివి చూసి గత యాత్రలో పిల్లలు నీటిలోనే కేకలు వేశారు. ఆ ఫోటోలు తీసివేశాను, ఇకపై మా బృందం వారు తీసినవే వేస్తాను. పగడం మీద నిలబడవద్దు, చచ్చిన ముక్కనైనా సంచిలో వేసుకోవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. సన్‌స్క్రీన్ దట్టంగా పూసుకోవడం కన్నా పొడవు చేతుల చొక్కా వేసుకొని దిగడం మేలు.

నీటిలో దిగని వారికి కవరత్తిలో గాజు అడుగు పడవ, ఆ తరువాత ఉజ్రా మసీదు. అక్కడి చెక్క పైకప్పు మీది చెక్కడం నిదానంగా చూడదగినది. పెద్ద దర్గాకు వెళ్లేటప్పుడు మనం పాటించే మర్యాదలే ఇక్కడా పాటిద్దాం. గత యాత్రలో రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక రైతు, నాలుగు వైపులా ఉప్పునీరే ఉన్న ఈ ఊరి జనం ఏ నీళ్లు తాగుతారని అడిగారు, నేను జవాబు చెప్పలేకపోయాను. తిరిగి వచ్చిన తరువాత తెలుసుకున్నాను. ఇసుక కింద మంచినీరు పలుచని పొరగా మాత్రమే ఉంటుంది, అతిగా తోడితే ఉప్పెక్కుతుంది. అందుకే 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ అక్కడ రోజుకు లక్ష లీటర్ల మంచినీటి ప్లాంటును నెలకొల్పింది. పైనున్న వెచ్చని సముద్రపు నీటిని గాలి తీసివేసిన గదిలో ఆవిరి చేసి, సుమారు 350 మీటర్ల లోతు నుంచి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని తిరిగి నీరుగా మారుస్తారు. గుక్కెడు నీటి కోసం బోరు మీద బోరు వేసే మన సీమవారికి ఇది కయాకింగ్ కన్నా ఎక్కువ ఆసక్తి కలిగించే సంగతి అని నా నమ్మకం. ఈసారి నడకలో దీనిని వివరించడానికి స్థానికుడొకరిని మాట్లాడుతున్నాను.

కల్పేనిలో ప్రధాన కార్యక్రమం స్నార్కెలింగ్. తూర్పు ఒడ్డున 1847 నాటి తుపాను ఎగదోసిందని చెప్పే పగడపు రాళ్ల కట్ట ఉంది. మన నాపరాళ్ల గనుల వద్ద గుట్టలుగా పడి ఉండే ముక్కలను చూసిన కళ్లకు అది వింతగా అనిపించదు, కాని ఆ రాళ్లను అక్కడికి చేర్చింది అలలే అని తెలిసినప్పుడు మనసు ఆగుతుంది. గట్టి అడుగు చెప్పులు తెచ్చుకోండి.

మినికాయ్‌లో నీటి క్రీడలు పూర్తిగా తీసివేశాను, దీనికి కొందరు అభ్యంతరం చెప్పారని తెలుసు. మిగతా ద్వీపాలలో మలయాళం మాట్లాడితే, ఇక్కడ మాల్దీవుల భాషకు దగ్గరైన మహల్ అనే భాష మాట్లాడతారు, కుడి నుంచి ఎడమకు రాస్తారు. 1885లో కట్టిన దీపస్తంభం ఉంది. గాలానికి ట్యూనా చేపలు పట్టి, ఉడికించి ఎండబెట్టడం ఇక్కడి జీవనాధారం. మరెక్కడా చూడలేని ఈ ఊరిని వదిలి మళ్లీ మాస్కు పెట్టుకోవడం అనవసరమని నా అభిప్రాయం. దీపస్తంభం మెట్లు ఎక్కలేనివారు ఊరిలోనే నడవవచ్చు.

ఈసారి యాత్రను ముందు అనుకున్న డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి చివరికి ఎందుకు మార్చానని అడిగిన వారికి సమాధానం: 2017 డిసెంబరు మొదట్లో ఓఖి తుపాను ఈ ద్వీపాల మీదుగానే వెళ్లింది, జనవరి నాటికి సముద్రం సాధారణంగా నెమ్మదిస్తుంది. అయినా ఓడ ఏ రోజు ఏ ద్వీపానికి వెళ్లేదీ, అల ఎక్కువగా ఉంటే దించేదీ మానేదీ నా చేతిలో లేదు. ఒడ్డుకు దించకపోతే ఆ ద్వీపంలోని కార్యక్రమాల డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను, ఓడ టికెట్టు డబ్బు మాత్రం ఇవ్వలేను. ఓడ ఆలస్యమైతే రైలు తప్పిపోకుండా కొచ్చిలో ఒక రాత్రి బస చేర్చాను. మనం ఇప్పటికీ జయంతి జనతా అని పిలుచుకునే కన్యాకుమారి రైలులోనే ఎర్నాకుళం టౌన్‌కు రాకపోకలు ఉంటాయి.

గతంలో నేను చెప్పకుండా వదిలేసిన ముఖ్యమైన విషయం ఒకటి మిగిలింది. ఓడ పక్క తలుపు నుంచి చిన్న పడవలోకి దిగేటప్పుడు ఆ పడవ అలకు లేస్తూ, పడుతూ ఉంటుంది, అది పైకి లేచిన క్షణాన నావికులు చేయి పట్టుకొని దించుతారు. రోజుకు రెండుసార్లు, మూడు ద్వీపాలకు ఆరుసార్లు ఇలా దాటాలి. చీర కన్నా చుడీదారు సౌకర్యం. మోకాళ్ల నొప్పులు ఎక్కువగా ఉన్నవారికి ఇది నిజంగా కష్టం. ఈ ఒక్క కారణంతో యాత్ర మానుకోవాలనుకునే వారికి నవంబరు 15 వరకు అడ్వాన్సు పైసా తగ్గించకుండా తిరిగి ఇస్తాను. ద్వీపాలలో ప్రవేశానికి అనుమతి పత్రాలు కావాలి కాబట్టి ఆ తేదీ తరువాత పేర్లు మార్చడం నాకు సాధ్యం కాదు. నవంబరు మొదటి ఆదివారం ఉదయం మా కార్యాలయంలో అందరం కూర్చొని, ఎవరు నీటిలో దిగుతారో, ఎవరు దిగరో పేర్లు రాసుకుందాం. కార్యాలయం మేడ మీద ఉంది, మెట్లు ఎక్కలేనివారు కిందనే ఉండి ఫోను చేస్తే నేనే దిగివచ్చి మాట్లాడతాను.