పన్నెండు మీద ఆరు

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటిపోయింది. కోప్పడకురా. రెండుసార్లు మొదలుపెట్టాను, ఏదో పని అడ్డొచ్చింది. ఇంటి కబుర్లు ఒక్క ముక్కలో: అమ్మ బీపీ అదుపులో ఉంది, చిన్నది నడుస్తోంది, బదిలీ ఊసు లేదు. వమరవల్లి డైట్‌లో టీచర్ ట్రైనింగ్ నాటి నీ సాంబారు బాకీ నాకింకా గుర్తుంది. ఇవి చాలు. నీకు చెప్పాల్సింది వేరే ఉంది. ఎవరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

పోయినేడు నువ్వు మా కొండెక్కినప్పుడు నీ చెప్పులు దాచేసి ఆటపట్టించిన గుంట గుర్తుందా? పేరు రాయను, రాయకూడదు కూడా. మన లెక్కలో చెప్పుల పిల్ల అనుకో. ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. మా ఊరి పిల్లలు నలుగురు అక్కడే చదువుతున్నారు. వాళ్ళలో వాళ్ళకి ఒక ఒప్పందం ఉందట. సెలవులకి ఇంటికొస్తే రోజూ పొద్దున్నే నలుగురూ ఊట దగ్గర కలవాలి. ఎవరు రాకపోతే వాళ్ళింటికి మిగతా ముగ్గురూ వెళ్ళాలి. ఎందుకంటే అంతకుముందు ఏడు సంక్రాంతి సెలవులకి వెళ్ళిన ఒక పిల్ల మళ్ళీ హాస్టల్ మొహం చూడలేదు. దసరాకి ఊళ్ళో కనిపించింది, నిండు చూలాలు. వీళ్ళకన్నా ఒక్క క్లాసే పెద్ద.

కనుమ నాడు చెప్పుల పిల్ల ఊట దగ్గరికి రాలేదు. ముగ్గురూ వెళ్ళారు. అరుగు మీద కొత్త చీర, రెండు కుండల జీలుగు కల్లు, గుంజకి కట్టిన మేక. ఓలి, అదే పిల్ల కోసం మగపెళ్ళివాళ్ళు ఇచ్చేది, వచ్చేసిందన్న మాట. పెళ్ళికొడుకుది కొండవతల ఒడిశా వైపు ఊరు, 24 ఏళ్ళు, చెన్నైలో తాపీ పని. వాళ్ళు ముందే ఇచ్చిన 20 వేలు పెద్దకొడుకు కాలు విరిగితే తండ్రి ఆస్పత్రికి ఖర్చు పెట్టేశాడు. చెడ్డవాడు కాదురా. బడి కప్పు కారుతుంటే పిలవకుండానే వచ్చి ఎక్కి బాగుచేసే మనిషి.

మా ఊళ్ళో సిగ్నల్ దొరికేది ఒక్క బండ మీదే. దాని మీదకెక్కి నాకు ఫోన్ చేశారు. నేను పలాసలో అత్తారింట్లో గారెల ముందు కూర్చున్నాను. పోలీసులకి చెప్తానన్నాను. "ఆగండి మాస్టారూ, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి మేమే చేసేశాం. వాళ్ళు రేపు వస్తారు. ఈలోగా నానమ్మని అడగాలి. మీరు రండి, పక్కన నిలబడండి చాలు" అంది ఎనిమిదో తరగతి పిల్ల. ఆ మాటకి నా నోట మాట రాలేదు. తినేది వదిలేసి బండి తీశాను.

చింతచెట్టు కింద అందరూ కూర్చున్నారు. ఊరిపెద్ద "మా తెగ ఆచారం మాది, కింద ఊళ్ళ చట్టం మాకు పట్టదు" అన్నాడు. నేనుండబట్టలేక 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం అన్ని తెగలకీ, అన్ని మతాలకీ ఒకటేనని, రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని చెప్పాను. ఒక్కరూ కదల్లేదు.

అప్పుడు ఆ ఎనిమిదో తరగతి గుంట లేచి వెళ్ళి నానమ్మ ముందు గొంతుక్కూర్చుంది. వాళ్ళ సవర భాషలో మాట్లాడింది. ఈ కొండ మీద బడికొచ్చి నాలుగేళ్ళయింది కాబట్టి సగం నాకూ అర్థమైంది, మిగతా సగం తర్వాత వాళ్ళే చెప్పారు. నీకో విషయం తెలుసా? సవరలో పద్దెనిమిదికి విడిగా పేరు లేదు. పన్నెండు దాకా పేర్లున్నాయి, ఆ పైన పన్నెండు మీద ఒకటి, పన్నెండు మీద రెండు, అలా లెక్క. 18 అంటే పన్నెండు మీద ఆరు. (గిడుగు వారు సవర కోసం ఎన్నేళ్ళు కష్టపడ్డారో డైట్‌లో బట్టీ పట్టాం, ఈ సంగతి మాత్రం మనకెవరూ చెప్పలేదు.)

"నీ పెళ్ళప్పుడు నువ్వెంత?" అని అడిగింది. ముసలమ్మకి వయసు తెలీదు, ఆ పిల్ల భుజం దగ్గర చెయ్యి పెట్టి "ఇంత" అంది.

"పన్నెండు అనుకో. మేమడిగేది నీ పన్నెండు మీద ఇంకో ఆరు. ఆ ఆరేళ్ళలో నీకేం జరిగిందో చెప్పు."

ముసలమ్మ వేలు ముడిచింది. మొదటి ఏడు ఏదో అంది. రెండో వేలికి బిడ్డ అంది, మూడో వేలికి చచ్చిపోయింది అంది. నాలుగో వేలికి మళ్ళీ బిడ్డ. ఐదో వేలు ముడవలేదురా. చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపటికి లేచి, గుంజకున్న మేక తాడు తనే విప్పి కొడుకు చేతిలో పెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు రాస్తుంటే కూడా...

ఆ 20 వేలూ జీడిపిక్కలు అమ్మాక తిరిగి ఇచ్చేలా ఊరిపెద్దే మాట కుదిర్చాడు. మర్నాడు 1098 వాళ్ళు, అంగన్‌వాడీ టీచరు, మహిళా పోలీసు వచ్చి కాగితం రాయించుకున్నారు. పిల్ల హాస్టల్‌కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి బడి పాత హాజరుపట్టీలు తీశాను. ఈ నాలుగేళ్ళలో నా దగ్గర ఐదు పూర్తిచేసిన ఆడపిల్లలు తొమ్మిదిమంది. ముగ్గురికి పెళ్ళయిపోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్ లెక్క చూశాను కదా, 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని. అప్పుడది అంకె. ఇప్పుడు ఆ ముగ్గురి చేతిరాతలు కూడా నాకు గుర్తొస్తున్నాయి.

అయితే తండ్రి ఇంకా పిల్లతో మాట్లాడటం లేదు. పోయిన వారం పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మళ్ళీ వచ్చి వెళ్ళారు. ఆదివారం హాస్టల్‌కి వెళ్తే చెప్పుల పిల్ల అడిగింది: "వేసవి సెలవులకి నేనెక్కడికి వెళ్ళాలి మాస్టారూ?" మిగతా ముగ్గురూ తమ ఇళ్ళల్లో వంతులవారీగా ఉంటుందన్నారు. నాకు టెన్షన్‌గానే ఉంది. మీ ఆవిడ అంగన్‌వాడీ సూపర్‌వైజరు కదా, సెలవుల్లో ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచుతారో అడుగు, మర్చిపోకు. ఇంకోటి, వాళ్ళ నానమ్మ గురించి ఒక సంగతి...

జీపువాడు హారన్ కొట్టేస్తున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇవ్వాలి. ఉంటాను.

నీ
రాజు