మా నగరాన్ని మాకు చూపించిన వారికి కృతజ్ఞతలు

గత ఆదివారం పదకొండుమంది మిత్రులం, ఏళ్ల తరబడి నివసిస్తున్న మా నగరంలోనే కొత్తవాళ్లలా తిరిగి వచ్చాం. ఆ రోజు అంత హాయిగా గడవడానికి కారణమైన వారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం.

నెల క్రితం నేను చేసిన మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. చూడవలసిన ఇరవై చోట్లు రాసుకుని, అందరినీ ఒకే గుంపుగా వెంటబెట్టుకుని బయలుదేరితే, ఏడో చోటికి చేరేసరికి ముందు నడిచే ఇద్దరే మాట్లాడుకుంటున్నారు, తక్కినవారు ఫోన్లలో తల దూర్చారు. ఏం చేయాలో తోచక సలహా అడిగినప్పుడు, పదవీ విరమణ చేసిన భూగోళశాస్త్ర ఉపాధ్యాయురాలు ఒకరు గంటసేపు ఓపికగా మాట్లాడారు. నగరంలో గమ్యమంటూ లేకుండా తిరగడం గురించి ఫ్రెంచి రచయిత గీ డెబోర్ 1956లో ప్రచురించిన వ్యాసంలో, ఇద్దరు ముగ్గురేసి ఉండే చిన్న జట్లే ఇందుకు అనువైనవనీ, పది పన్నెండు మంది దాటితే గుంపు దానంతటదే చీలిపోతుందనీ రాశారని ఆవిడ వివరించగానే, నా పొరపాటు ఎక్కడుందో తెలిసిపోయింది.

నాలుగు జట్లుగా విడిపోయాం. ప్రతి కూడలిలో నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఎడమకు, బొరుసు పడితే కుడికి తిరగాలన్న నియమం కూడా ఆవిడ చెప్పినదే. దారి ఎంచుకునే భారం ఎవరి మీదా లేకపోయేసరికి వాదనలకు తావు లేక, అందరి చూపూ గోడల మీదికీ గుమ్మాల మీదికీ మళ్లింది. మా ఇంటికి రెండు వీధుల అవతల, తొమ్మిదేళ్లలో నేను ఒక్కసారైనా తిరగని మలుపులోకి ఆ నాణెం మమ్మల్ని పంపింది.

అచ్చుపని చేసే మిత్రుడు ఒకరు పలుచని కాగితాలూ మెత్తని పెన్సిళ్లూ ఇచ్చి, దారిలో కనిపించిన దేనిదైనా అచ్చు తీసుకురమ్మన్నారు. ఆ మలుపులో ఉన్న మ్యాన్‌హోల్ ఇనుప మూత మీద కాగితం పరచి, ఇద్దరం అంచులు అదిమిపట్టుకోగా మూడో వ్యక్తి పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దుతుంటే, ముందు గడులు, ఆ తరువాత అరిగిపోయిన సంవత్సరపు అంకెలు ఒక్కొక్కటిగా తేలివచ్చాయి. ఎదురుగా వాచీలు బాగుచేసే పెద్దాయన లేచి వచ్చి, ముప్పై ఏళ్లుగా దాని ముందే కూర్చుంటున్నా ఆ అంకెలు చూడలేదన్నారు. మూత గుండ్రంగా ఎందుకుంటుందో మాత్రం తన డబ్బా మూతతోనే చూపించారు: గుండ్రని మూతను ఎటు తిప్పినా అంచు దాటి రంధ్రంలో పడదు, చదరపు మూతను నిలబెట్టి మూలగా తిప్పితే లోపలికి జారిపోతుంది. పని ఆపుకుని మాకోసం ఆయన వెచ్చించిన ఆ పావుగంటకు ఎంతో రుణపడి ఉన్నాం.

ముందురోజు సాయంత్రమే ఆ ప్రాంతమంతా నడిచి, తవ్వి వదిలేసిన వీధులనూ దీపాలు లేని సందులనూ గుర్తించి మాకు హద్దులు గీసి ఇచ్చిన మిత్రుడికి ప్రత్యేక ధన్యవాదాలు. మోకాళ్ల నొప్పులున్న మా స్నేహితురాలు ఎక్కడా ఇబ్బంది పడకుండా చివరిదాకా నడిచారంటే అది ఆయన చలవే.

నాలుగు జట్ల అచ్చులకూ నకళ్లు తీయించి, సాయం చేసిన వారందరికీ అందజేశాం. వాచీల పెద్దాయన తనకిచ్చినదాన్ని బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నారు.