లెక్కల పరీక్షలో ఇంగ్లీషు అడ్డంకిపై ఫిర్యాదు

పరీక్షల సంస్థ మేనేజరు గారికి,

విషయం: ఎనిమిదో తరగతి గణిత పరీక్ష నివేదికలను సవరించడం గురించి.

అయ్యా,

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారిని. మా పిల్లలు రాసిన మీ పరీక్ష నివేదికలు అందాయి. చాలామంది పేర్ల పక్కన ‘గణితంలో వెనుకబాటు’ అని రాశారు. దీన్ని నేను ఒప్పుకోను.

మీ నివేదికనే చూడండి. మొదటి భాగంలో అంకెలతో నేరుగా ఇచ్చిన శాతాలు, భిన్నాలు మా పిల్లలు బాగానే చేశారు. రెండో భాగంలో అవే లెక్కలు నాలుగైదు వరుసల ఇంగ్లీషులో వచ్చేసరికి కొందరు తప్పారు, కొందరు ముట్టుకోనేలేదు. పేజీ తిప్పగానే శాతాలు మరిచిపోతారా? బేస్‌బాల్ స్కోరు మీద ఒక లెక్క. డైములు, క్వార్టర్లు అనే అమెరికా నాణేలు కలిపి డాలర్లు చేయమని మరొకటి. డైముకు పది సెంట్లని, క్వార్టరుకు ఇరవై ఐదని ప్రశ్నలో ఎక్కడా లేదు. ఆ లెక్కనే పలాస జీడిపప్పు బేరంగా మార్చి తెలుగులో చదివితే చాలామంది నోటితోనే జవాబు చెప్పారు.

మా పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. పిల్లలు ఇంకా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారు. మెళియాపుట్టి వైపు సవర గిరిజన పిల్లలకైతే తెలుగే రెండో భాష. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పుస్తకాలు రాసిన ప్రాంతమిది. నీట్, జేఈఈ మెయిన్ పరీక్షలనే తెలుగులో రాయగలిగినప్పుడు ఎనిమిదో తరగతి పరీక్షకు ఇంగ్లీషు ఒక్కటే ఎందుకు?

మీ కరపత్రంలో ‘అంతర్జాతీయ ప్రమాణాలు’ అన్నారు. అమెరికాలో విద్యా పరిశోధకులు, మనస్తత్వవేత్తల సంఘాలు 2014లో తెచ్చిన పరీక్షల ప్రమాణాల్లో న్యాయానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. కొలవాల్సిన సామర్థ్యంతో సంబంధం లేని భాషాభారం మార్కులను తారుమారు చేయకూడదన్నది అందులోని సూత్రం. అక్కడి 2015 విద్యా చట్టం ప్రకారం ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు రాష్ట్ర పరీక్షల్లో తగిన సౌకర్యాలు ఇవ్వాలి. మీరు మాత్రం అదనపు సమయం కూడా ఇవ్వలేదు.

మీ కాగితం చూసి ఒక తండ్రి, తన కూతురికి ఇంటర్లో లెక్కలు వద్దన్నాడు. మా తరగతిలో లెక్కలు బాగా చేసే పిల్లల్లో ఆమె ఒకరు. నాకు కోపం వచ్చింది ఇందుకే.

ప్రశ్నలు తేలిక చేయమని అడగడం లేదు. ఆ ‘వెనుకబాటు’ మాట తీసేసి, రెండు భాగాల మార్కులు విడిగా చూపిస్తూ కొత్త నివేదికలు పంపండి. వచ్చే పరీక్షకు ప్రశ్నపత్రం రెండు భాషల్లోనూ ఇచ్చి, ముందుగా ఇక్కడి ఉపాధ్యాయులకు చూపించండి. అంతవరకు మా పిల్లల మార్కులను ఏ ఎంపికకూ వాడవద్దు. జవాబు రాతపూర్వకంగా కావాలి.

ఇట్లు,
గణిత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా.